ఓటీపీ రాకుండానే నాన్నగారి క్రెడిట్ కార్డులో డాలర్లు కట్ అయ్యాయి, ఎలా? ఇక మీదట ఏం చెయ్యాలి?

మీరు అడిగింది ఏంటంటే, అమలాపురంలో ఉండే మీ నాన్నగారి కార్డు మీద అర్ధరాత్రి డాలర్లలో డబ్బులు కట్ అయ్యాయి, ఓటీపీ రాలేదు, ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు, మరి ఎలా పోయాయి, కార్డు నంబరు ఎలా లీకయ్యింది, బిల్లు కట్టాలా, ఇంక ఆన్‌లైన్‌లో కొనడం మానెయ్యాలా అని. మానక్కర్లేదండి. కానీ కార్డు ఇంకా బ్లాక్ చెయ్యకపోతే ఇది చదవడం ఆపేసి ముందు ఆ పని చూడండి, బ్యాంకు యాప్‌లోనే కార్డ్ బ్లాక్ అని ఉంటుంది, లేదంటే కార్డు వెనక ఉన్న నంబరుకి చెయ్యండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ అని మాత్రం వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లు చాలా ఉంటాయి, ఒక దొంగతనం మీద ఇంకో దొంగతనం అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మనకి ఓటీపీ అలవాటైపోయి, అది రాకపోతే డబ్బులు కదలవు అనుకుంటాం. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే నంబరుతో పాటు ఇంకో ధ్రువీకరణ కూడా ఉండాలని ఆర్‌బీఐ 2009 నుంచి పెట్టింది నిజమే, కానీ ఆ రూలు మన దేశం లోపల జరిగే పేమెంట్లకి. బయట దేశాల సైట్లు చాలావాటిలో కార్డు నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ ఉంటే చాలు, పేమెంట్ అయిపోతుంది. మీ నాన్నగారు ఓటీపీ ఎవరికీ చెప్పలేదన్న మాట నిజమే అయ్యుంటుంది, ఆయన్ని కోప్పడకండి పాపం.

మా బావగారికి అచ్చం ఇలాగే అయ్యింది. ఆయనది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, పొద్దున్నే కొట్టు తీసి ఫోన్ చూసుకుంటే రెండు మెసేజ్‌లు, మొదటిది ఒక్క డాలర్ కూడా లేదు, దాని వెనకాలే పెద్దది. ఈ దొంగల పద్ధతి అదేనండి, ముందు చిన్న మొత్తం లాగి కార్డు పని చేస్తుందో లేదో చూసుకుంటారు, అది పాస్ అయితే వెంటనే పెద్ద దెబ్బ కొడతారు. అందుకే అర్థంకాని చిన్న మొత్తం ఏది కట్ అయినా, పోనీలే ముప్పై రూపాయలే కదా అని వదలకూడదు. ఆయన నాకు ఫోన్ చేస్తే ముందు యాప్‌లో కార్డు ఆపించేసి, కాల్ సెంటర్‌కి చేయించి కంప్లైంట్ నంబరు తీసుకుని, అదే నంబరు పెట్టి మెయిల్ కూడా పంపించాం, 1930కి కూడా చేశాం. ఈ 1930 కేంద్రం వాళ్ళు పెట్టిన సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్, ఎంత తొందరగా చేస్తే డబ్బు దొంగ చేతికి పూర్తిగా వెళ్ళకముందే ఆగే అవకాశం అంత ఉంటుంది.

కాల్ సెంటర్ అమ్మాయి మొదట మీరే ఎవరికో వివరాలు చెప్పుంటారు సార్ అంది. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గిపోతారు, తగ్గకండి. 2017 జూలై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ఒకటి ఉంది, మన తప్పూ, బ్యాంకు తప్పూ కాకుండా మధ్యలో ఎక్కడో కార్డు వివరాలు లీకైతే, మెసేజ్ వచ్చిన దగ్గర్నుంచి మూడు పనిదినాల్లో మనం చెప్తే మన మీద ఒక్క రూపాయి కూడా పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే కొంత మనం భరించాలి, లిమిట్ 5 లక్షల లోపు కార్డుకి గరిష్ఠంగా 10,000, అంతకంటే పెద్ద లిమిట్ అయితే 25,000. ఏడు దాటిపోతే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మనం చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా వెనక్కి వెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి, తప్పు కస్టమర్‌దే అంటే అది నిరూపించాల్సింది బ్యాంకే. మేము మెయిల్‌లో ఈ సర్క్యులర్ తేదీ రాసి, ఓటీపీ పంపిన రికార్డు ఉంటే చూపించండి అని అడిగాం. తర్వాత మాట తీరు మారింది, డబ్బులు వెనక్కి పడ్డాయి. మీకు 30 రోజుల్లో సరైన సమాధానం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. ఒక్క విషయం, ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం ఈ రక్షణ ఉండదు, బ్యాంకుకి చెప్పేవరకు పోయినదంతా మన ఖాతాలోదే.

నంబరు ఎలా లీకయ్యిందని అడిగారు కదా. కచ్చితంగా ఇక్కడే అని ఎవరూ చెప్పలేరు గానీ మన వైపు నేను ఎక్కువగా చూసేది వాట్సాప్ ఫోటోలు. మన కోనసీమలో చాలా ఇళ్ళల్లో ఎవరో ఒకరు కువైట్లోనో మస్కట్లోనో ఉంటారు, టికెట్ బుక్ చెయ్యాలనో, పిల్లల ఫీజు కట్టాలనో కార్డు ముందు వైపు ఒకటి వెనక వైపు ఒకటి ఫోటో తీసి పంపేస్తారు, అది అక్కడ ట్రావెల్స్ వాడికి వెళ్తుంది, వాడి ఫోన్‌లో సంవత్సరాల తరబడి ఉంటుంది, ఇంకెవరికి వెళ్తుందో దేవుడికే తెలియాలి. అయినవాళ్ళే కదా అని పంపుతారు, అయినవాళ్ళ మీద అనుమానం కాదండి, ఆ ఫోటో వాళ్ళ దగ్గర ఆగదు. నాన్నగారి ఫోన్ గ్యాలరీ, వాట్సాప్ చాట్‌లు ఒకసారి వెతికి అలాంటివి ఉంటే తీసెయ్యండి. కొత్త కార్డు వచ్చాక సీవీవీ గుర్తుపెట్టుకోమని చెప్పి దాని మీద చిన్న స్టిక్కర్ అంటించండి, అప్పుడు ఎవరు ఫోటో తీసినా సగమే దొరుకుతుంది.

ఇంక ముందు జాగ్రత్త అంటే నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఒక్కటే, యాప్‌లో ఉండే స్విచ్చులు. 2020లో ఆర్‌బీఐ అన్ని బ్యాంకులకి చెప్పింది, కార్డుని ఆన్‌లైన్‌కి, విదేశీ లావాదేవీలకి, ట్యాప్ చేసే పేమెంట్లకి విడివిడిగా ఆన్ ఆఫ్ చేసుకునేలా, లిమిట్ పెట్టుకునేలా కస్టమర్‌కి ఇవ్వాలని. యాప్‌లో కార్డ్ కంట్రోల్ అనో మేనేజ్ కార్డ్ అనో ఉంటుంది, లోపలికి వెళ్తే ఇంటర్నేషనల్ అని ఒక మీట కనిపిస్తుంది. అది ఆపేసుంటే మా బావగారి డబ్బు పోయేదే కాదు, దొంగ చేతిలో నంబరు, సీవీవీ అన్నీ ఉన్నా ఆ పేమెంట్ అక్కడే తిరిగిపోయేది. చేలోకి నీళ్ళు పెట్టుకుని తూము కట్టేసినట్టు, కొనే రోజున తెరుచుకుని పని అవ్వగానే మూసెయ్యండి. దేశం లోపలి ఆన్‌లైన్‌కి కూడా లిమిట్ తగ్గించి పెట్టండి, నెలకి మూడు నాలుగు వేలు కొనేవాళ్ళకి లక్షన్నర లిమిట్ తెరిచి ఉంచడం ఎందుకు చెప్పండి. ఈ ఒక్క పని చేసిన ఇంట్లో వాళ్ళకి నేను ధైర్యంగా కొనుక్కోండి అని చెప్తాను.

మన సైట్లలో కార్డు సేవ్ చెయ్యొచ్చా అంటే, 2022 అక్టోబర్ 1 నుంచి ఇక్కడి షాపింగ్ సైట్లు మన అసలు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ అని వేరే నంబరు ఉంటుంది, అది ఆ సైట్‌లో తప్ప పనికిరాదు. అందుకని మీరు రోజూ వాడే పెద్ద సైట్‌లో సేవ్ చేసినా పెద్ద భయం లేదు. పేరు తెలియని కొత్త సైట్‌లో అయితే కార్డే వాడకండి, క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే అది పెట్టుకోండి.

దొంగ సైట్ల గురించి ఒకటి చెప్పాలి. సంక్రాంతి ముందు మా వదిన హైదరాబాద్‌లో వాళ్ళ అమ్మాయికి పూతరేకులు పంపిద్దామని చూస్తుంటే ఫేస్‌బుక్‌లో యాడ్ వచ్చింది, ఆత్రేయపురం పూతరేకులు సగం ధరకి అని, ఫోటోలు బాగున్నాయి, పైన తాళం గుర్తు కూడా ఉంది. తాళం గుర్తు అంటే మధ్యలో ఎవరూ చదవలేరనే గానీ అవతల ఉన్నవాడు మంచివాడని కాదు, దొంగ సైట్‌కి కూడా అది వస్తుంది. కార్డు వివరాలు కొట్టింది, ఓటీపీ వచ్చింది. ఆవిడకి మెసేజ్ పూర్తిగా చదివే అలవాటుంది, అందులో కొనే మొత్తం రెండొందల చిల్లర ఉండాల్సింది నలభై తొమ్మిది వేలు అని ఉంది, కింద షాపు పేరు బదులు ఏదో వాలెట్ పేరు ఉంది. అక్కడే ఆపేసి కార్డు బ్లాక్ చేసింది. మనం అందరం ఆ మెసేజ్‌లో ఆరంకెలే చూసి టకటకా కొట్టేస్తాం, ఫోన్ అయితే తనే నింపేస్తుంది కూడా. నాన్నగారికి చెప్పండి, ఎంత, ఎవరికి అన్నవి చదివాకే అంకెలు కొట్టమని.

వాట్సాప్‌లో శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే ముట్టుకోవద్దు, అది ఫోన్‌లో ఎక్కితే మన ఓటీపీ మెసేజ్‌లు దొంగే చదువుకుంటాడు. ఫోన్ చేసి మీ కార్డు నాలుగుతో మొదలవుతుంది కదా, మొదటి ఆరంకెలు ఇవే కదా అంటే నమ్మొద్దు, నాలుగుతో మొదలయ్యేవన్నీ వీసా కార్డులే, ఆ మొదటి అంకెలు బ్యాంకుని బట్టి ఉంటాయి, ఎవరికైనా తెలుస్తాయి. బ్యాంకు సైట్ చిరునామా కూడా చూస్కోండి, 2025 అక్టోబర్ 31 లోపు అన్ని బ్యాంకులూ చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ వచ్చేలా మారాలని ఆర్‌బీఐ చెప్పింది, ఆ చిరునామా బ్యాంకులకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

బిల్లు గురించి కూడా అడిగారు. నాన్నగారు నిజంగా వాడుకున్నంత మొత్తం గడువు లోపు కట్టెయ్యండి, అది ఆపకండి. ఫ్రాడ్ అని మీరు కంప్లైంట్ ఇచ్చిన మొత్తం మీద మాత్రం అది తేలేవరకు ఛార్జీలు వెయ్యకూడదని ఆర్‌బీఐ రూలు ఉంది, స్టేట్‌మెంట్‌లో వడ్డీ పడితే వెంటనే అదే కంప్లైంట్ నంబరు మీద మెయిల్ పెట్టి తీయించుకోండి. బ్యాంకు వాళ్ళు డిస్‌ప్యూట్ ఫారం, అంటే ఈ లావాదేవీ మాది కాదు అని రాసిచ్చే కాగితం పంపితే దాని మీద నాన్నగారి సంతకం పెట్టించి, 1930 వాళ్ళిచ్చిన నంబరు కూడా రాసి పంపండి. మెసేజ్ ఏ రోజు వచ్చిందో కింద రాస్తే మూడు పనిదినాలు ఎప్పటితో అయిపోతాయో నేను లెక్క చూసి చెప్తాను, మధ్యలో ఆదివారం, బ్యాంకు సెలవు వస్తే అవి కలపరు.