అప్పిచ్చినవాడే బిల్లు రాస్తాడా?

ప్రశ్న: 2000లో కరెంటు చార్జీలు ప్రపంచ బ్యాంకే పెంచిందని మా నాన్న ఇప్పటికీ అంటారు. మా ఎకనామిక్స్ సారేమో, రేట్లు పెంచేది నియంత్రణ మండలి, బ్యాంకు కాదంటారు. ఎవరి మాట నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థిని, మార్కాపురం

జవాబు: కాగితం ప్రకారం మీ సార్ చెప్పిందే రైటమ్మా. నా ఓటు మాత్రం మీ నాన్నగారికే. ఆ ఏడాది నేనొక చిన్న ఊళ్ళో కరెంటాఫీసు బిల్లుల కౌంటర్లో కూర్చునేవాణ్ణి.

1998లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు రెండు ముక్కలైంది: ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో. ప్రపంచ బ్యాంకు మొదటి విడతగా 21 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడు ట్రాన్స్‌కోలోంచి నాలుగు డిస్కంలు, అంటే ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే సంస్థలు, పుట్టాయి. రేట్లు తేల్చడానికి ఈఆర్సీ, అంటే మీ సార్ చెప్పే విద్యుత్ నియంత్రణ మండలి, 1999లోనే వచ్చింది. 2000 మే నెలలో రేట్లు పెంచుతూ ఉత్తర్వు ఇచ్చింది ఆ ఈఆర్సీయే. మీ సార్ చూపించే కాగితం అదే.

మీ ప్రాంతంలో మిర్చికి పెట్టుబడి పెట్టే కమీషన్ వ్యాపారిని చూసే ఉంటావు. పొలం ఎలా దున్నాలో ఆయన చెప్పడు. డబ్బిచ్చేటప్పుడే 'సరుకు నా కొట్టుకే రావాలి' అంటాడు, అంతే. ఇక్కడా అదే. నష్టాలు తగ్గాలి, సబ్సిడీ దిగాలి, పంపిణీ ప్రైవేటుకు పోవాలి అని దారి ముందే గీసుకున్నారు. అప్పేమో విడతల వారీ. ఒక మెట్టు ఎక్కితేనే తర్వాతి విడత. ఆ మెట్ల మీద ఈఆర్సీ ఎంత స్వతంత్రంగా నడవగలదో నువ్వే ఆలోచించు.

పెరిగిన రేట్లతో మొదటి బిల్లులు వచ్చిన నెల నాకింకా గుర్తే. ఒక కుట్టుమిషను ఆయన బిల్లును పాలిథిన్ కవర్లో మడత పెట్టి తెచ్చాడు. ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. కౌంటర్ కిటికీలోంచి బిల్లు లోపలికి తోసి, "ఈ పెరిగింది ఏ బల్బుదో చెప్పండి సార్, అది ఆర్పేస్తాను" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. స్లాబులు చదివి వినిపించాను. ఇంకేం చెప్పను? పైనుంచి మాకు వచ్చిన సర్క్యులర్ నిండా 'సంస్కరణలు' అన్న మాటే. 'అప్పు' అన్న మాట ఎక్కడా లేదు.

ఆ వేసవి నుంచీ గొడవలే. కాంగ్రెసు, వామపక్షాలు రోడ్డెక్కాయి. ఆగస్టు 28న అసెంబ్లీ ముట్టడికి బయల్దేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు.

అలాగని బోర్డు రోజులు బంగారం అనుకోకు. ఎన్టీఆర్ హయాం నుంచి వ్యవసాయ మోటార్లకు మీటర్ల లెక్క పోయి, హార్స్‌పవర్‌కు ఏటా 50 రూపాయల స్లాబు వచ్చింది. మీటరు లేని చోట ఎన్ని యూనిట్లయినా రాసుకోవచ్చు. ఊళ్ళో మిల్లులు కొట్టేసిన కరెంటు కూడా రిజిస్టర్లో రైతు మోటార్ల ఖాతాలోకే చేరేది. నా చేత్తోనే రాశాను, ఎవరిననాలి? నష్టం నిజమే. ఆ నష్టం రైతు వల్లే అన్నది మాత్రం మేం తయారుచేసిన లెక్క.

ఇంకోపక్క 1990లలో ప్రైవేటు విద్యుత్ ప్లాంట్లతో ఒప్పందాలయ్యాయి. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. వాటి పెట్టుబడికి 16 శాతం రాబడి చూపించింది కేంద్రం. రైతుకిచ్చేది భారం, వాళ్ళకిచ్చేది ఒప్పందం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదటి సంతకం రైతుల ఉచిత కరెంటు మీదే పెట్టారు. డిస్కంలను ప్రైవేటుకు అమ్మడమూ జరగలేదు. కానీ ఆ సంస్కరణల్లో నాకు నచ్చింది ఒకటుంది, బహిరంగ విచారణ. బోర్డు ఉన్నప్పుడు రేటు ఎలా తేలిందో లోపల పనిచేసే నాకే తెలిసేది కాదు. ఇప్పుడు మీ నాన్నగారు ఈఆర్సీ ముందు మైకు పట్టుకుని డిస్కం లెక్కలు అడగొచ్చు. ఒకసారి వెళ్ళమని చెప్పు.

ప్రశ్న: శ్రీలంకలో కరెంటు బిల్లులు పెరగడం కూడా ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) పనేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలావరకు అవునండీ. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ ఆగస్టులో కరెంటు రేట్లు సగటున 75 శాతం పెరిగాయి, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం. గుమాస్తా లెక్కన నూరు రూపాయల బిల్లు 290 అయింది. రెండో పెంపు అయిన నెలకే, మార్చి 20న, ఐఎంఎఫ్ బోర్డు సుమారు 300 కోట్ల డాలర్ల అప్పుకు ఓకే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పాలి. 2022కు ముందు తొమ్మిదేళ్ళ పాటు అక్కడ రేట్లు పెంచలేదు, ఆ బరువంతా ఒక్కసారే పడింది. 2024లో రెండుసార్లు తగ్గించారు కూడా. జలాశయాల నుంచి చౌక కరెంటు దొరకడం అందుకు ఒక కారణం.