గ్యాస్ డ్రిల్లింగ్ ప్రాజెక్టు మాన్పించాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అబ్బాయి పెట్రోలియం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. గ్యాస్‌తో బావి తవ్వేటప్పుడు ఎంత గ్యాస్ కావాలో లెక్కించే ప్రాజెక్టు ఎంచుకున్నాడు. పక్కింటి కుర్రాడి జీతం విని, దాన్ని మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. చదువు కోసం బ్యాంకు అప్పు ఉంది. రెండింటిలో ఏది మేలు?

జవాబు: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తల్లిదండ్రులు ఈ ప్రశ్నను నన్ను ఎన్నోసార్లు అడిగారు. కోర్సుల పేర్లు మారినా అడుగున ఉన్న దిగులు ఒక్కటే, అప్పు తీర్చే వేళకు ఉద్యోగం దొరుకుతుందా అని. ఆ దిగులు న్యాయమైనదే. అయితే అబ్బాయి ఎంచుకున్న విషయమేమిటో మీరు అతణ్ణి ఒక్కసారైనా అడిగినట్లు లేదు.

మీ ఊళ్లో బోరు వేసేటప్పుడు కంప్రెసర్ గాలి రాతిపొడిని పైకి చిమ్మడం చూసే ఉంటారు. అదే సూత్రం. గాలి చాలకపోతే పొడి అడుగునే పేరుకుని గొట్టం ఇరుక్కుంటుంది. 1957లో ఆర్. ఆర్. ఏంజెల్ అనే పరిశోధకుడు ప్రచురించిన లెక్క పద్ధతిలో, సాధారణ పీడనం వద్ద నిమిషానికి 3,000 అడుగుల వేగంతో కదిలే గాలికి ఎంత గతిశక్తి ఉంటుందో, బావిలోని గ్యాస్‌కూ కనీసం అంత ఉండాలి. ఆరున్నర అంగుళాల రంధ్రంలో నాలుగున్నర అంగుళాల గొట్టం ఉంటే, నేలమట్టం దగ్గర ఆ వేగానికి నిమిషానికి సుమారు 360 ఘనపుటడుగుల గాలి సరిపోతుంది. కానీ లోతుకు వెళ్లేకొద్దీ పీడనం పెరిగి గాలి కుదించుకుపోవడంతో వేగం పడిపోతుంది కనుక పంపవలసిన పరిమాణం పెరుగుతుంది. ముఖ్యంగా డ్రిల్ కాలర్ల (తవ్వే మొన పైన ఉండే బరువైన, లావు గొట్టాల) పైన, గొట్టం సన్నబడి చుట్టూ ఖాళీ ఒక్కసారిగా వెడల్పయ్యే చోట, పొడిని లేపడం చాలా కష్టం. ఏంజెల్ లెక్క చూపిన పరిమాణం చాలడం లేదని తరువాత క్షేత్రానుభవంలో తేలింది. ఎందుకు చాలలేదో అబ్బాయి విడమరచి చెప్పగలిగితే అది చిన్న పని కాదు.

ఒక నిజం కూడా చెప్పాలి. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని మెత్తని, అధిక పీడనం గల పొరలకు గ్యాస్‌తో తవ్వే పద్ధతి సాధారణంగా తగదు. అక్కడ తవ్వకం ప్రధానంగా మడ్ అనే బురద ద్రవంతోనే సాగుతుంది. అందువల్ల ఈ అంశం పేరుతోనే ఉద్యోగం వస్తుందని నేను అనను. వాయుప్రవాహం, పీడనం, కంప్రెసర్ల జ్ఞానం మాత్రం గ్యాస్ పైప్‌లైన్లకూ, నేల లోపలి వేడిని వాడుకునే భూతాప బావులకూ, థర్మల్ కేంద్రాల్లో బూడిదను గాలితో తరలించే ఏర్పాట్లకూ పనికొస్తుంది.

ఇక డేటా సైన్స్ మీద నాకున్న సందేహం. కొన్ని నెలల కోర్సు చేసి నా దగ్గరకు వచ్చిన పిల్లలలో చాలామందికి పరికరం వాడటం తెలుసు, దానితో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తెలియదు. సొంత విషయం లేనివారు ఒకే రకమైన ధ్రువపత్రం పట్టుకుని ఒకే వరుసలో నిలబడుతున్నారు. పక్కింటి కుర్రాడి జీతం విని మూడేళ్ల చదువును పక్కన పెట్టమనడం అబ్బాయి భవిష్యత్తు మీద శ్రద్ధ కాదండీ, మీ కంగారును అతని భుజాల మీదకు ఎత్తడం. ఇంట్లో ఆ మాట ఇక ఎత్తకండి.

పోలిక అడిగారు కనుక చెబుతున్నాను: ఈ రెండింటిలో ఒకటి వదులుకోవలసిన అవసరమే లేదు. అదే ప్రాజెక్టులో లోతు, రంధ్రం వెడల్పు, తవ్వే వేగం మారితే గ్యాస్ అవసరం ఎంత మారుతుందో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్క రాయమనండి. ఈ వేసవిలో ఊరికి బోరు లారీ వస్తే కంప్రెసర్ సామర్థ్యం, గొట్టం కొలత, నీరు తగిలిన లోతు రాసుకుని తన లెక్కతో సరిచూడమనండి. మీరూ వెంట వెళ్లండి.