కరెంటు లైను లేని ఇంటికి సోలార్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: మా ఇంటికి కరెంటు లైను లేదు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, రెండు ఫోన్లు నడవాలి. ఎన్ని వాట్ల ప్యానెల్ కొనాలి?

జ: ప్యానెల్ సంగతి చివర చూద్దాం, ముందు వాడకం లెక్క కట్టండి. 9 వాట్ల బల్బులు నాలుగూ రోజుకు ఐదు గంటలు వెలిగితే 180 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). ఫోన్లకు 30. అసలు భారమంతా ఫ్యాన్లదే. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రెండూ పది గంటలు తిరిగితే 1500. అదే గాలి బీఎల్‌డీసీ ఫ్యాన్‌తో (తక్కువ కరెంటు తినే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఫ్యాన్) 30 వాట్లకే వస్తుంది, 600తో సరి. మొత్తం 1710 కాస్తా 810కి దిగుతుంది. ఫ్యాన్లకు ఎక్కువ పెట్టడానికి వెనకాడకండి, ఆ డబ్బు బ్యాటరీలో మిగులుతుంది.

వీటికి ఇన్వర్టర్ (బ్యాటరీ ఇచ్చే డీసీని ఇళ్లలో వాడే ఏసీగా మార్చేది) కూడా అక్కర్లేదు. ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్నా 10 వాట్లు లాగే ఇన్వర్టర్ రోజుకు 240 వాట్ అవర్లు మింగుతుంది, మీ బల్బులన్నిటికంటే ఎక్కువ. 24 వోల్టుల డీసీ బల్బులు, డీసీ ఫ్యాన్లు, 12-24 వోల్టుల కారు చార్జర్ తీసుకోండి.

రెండు రోజులు ముసురు పట్టినా ఇల్లు నడవాలంటే 1620 వాట్ అవర్లు నిల్వ కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి 3240. అంటే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపి 24 వోల్టులు వచ్చేలా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం వాడొచ్చు, 25.6 వోల్టుల 80 ఏహెచ్ చాలు. సిరీస్‌లో ఉన్న రెండింట్లో ఒక్కదాని నుంచి 12 వోల్టులు మాత్రం లాగొద్దు. ఒకటి ఖాళీ అవుతూ, రెండోది ఓవర్‌చార్జ్ అవుతూ రెండూ చెడతాయి.

ఇక ప్యానెల్. ఎండ తక్కువ నెలలో రోజుకు నాలుగు గంటల పూర్తి ఎండ, వేడి, దుమ్ము, బ్యాటరీ నష్టాలు పోను 65 శాతం దక్కుతుందనుకుంటే సుమారు 310 వాట్లు. అయితే లెడ్ యాసిడ్‌కు చార్జింగ్ కరెంటు దాని ఏహెచ్‌లో పదో వంతైనా, అంటే 15 ఆంపియర్లు అందాలి. అందుకని 200 వాట్లవి రెండు సిరీస్‌లో పెట్టి 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి వీలైనంత శక్తి రాబట్టి బ్యాటరీ చార్జింగ్‌ను అదుపు చేసేది) వాడండి. చలి ఉదయాల్లో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, కంట్రోలర్ ఇన్‌పుట్ పరిమితి దానికి పైన ఉందో లేదో చూసుకోండి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ప్ర: 100 వాట్ల ప్యానెల్‌కు 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) పెట్టాం. ఏడాదికే రెండు గంటలు కూడా రావడం లేదు. ఇంకో బ్యాటరీ కలపమంటున్నారు. కలపమంటారా?

జ: వద్దు. బ్యాటరీ చిన్నదై కాదు, కడుపు నిండక చెడింది. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఇచ్చేది అయిదారు ఆంపియర్లు, మీ బ్యాటరీకి కావలసింది 15. సగం నిండి ఆగిపోయిన ప్రతి రోజూ పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. కొత్తది కలిపితే ఆ కొద్దిపాటి కరెంటునే రెండూ పంచుకుంటాయి, పాతది కొత్తదాన్నీ లాగేస్తుంది.

ముందు డిస్టిల్డ్ వాటర్‌తో పలకలు మునిగేలా చూసి, 15 ఆంపియర్ల చార్జర్‌తో లోపలి యాసిడ్ సాంద్రత (హైడ్రోమీటర్‌తో కొలిచేది) ఇక పెరగని దాకా చార్జ్ చేయండి. బ్యాటరీ నుంచి వాయువు వస్తుంది, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఉంచండి. ట్యూబ్యులర్‌లో ప్రతి సెల్‌కూ హైడ్రోమీటర్ 1.240 దరిదాపుల్లో చూపితే కోలుకున్నట్టే. ఒక్క సెల్ 0.050 వెనకబడితే అది పోయినట్టు. గీత దాకా నీళ్లు నింపడం చార్జ్ పూర్తయ్యాకే. కోలుకుంటే ప్యానెళ్లను 200 వాట్లకు పైగా పెంచండి, లేకపోతే మళ్లీ ఇదే గతి.

ప్ర: 12 వోల్టుల సిస్టమ్. బ్యాటరీ నిండుగా ఉన్నా చివరి గదిలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది. ఎందుకు?

జ: వైరు సన్నం. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 10 మీటర్ల దూరానికి 10 ఆంపియర్లు పంపితే, రానూపోనూ 20 మీటర్లలో 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే సుమారు 0.6 మాత్రమే. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు లేకపోతే ఈ పనిలోనే అదీ పెట్టండి.