బూజు దులిపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: వేరుశనగ గింజలకు పట్టే పచ్చబూజు అఫ్లటాక్సిన్ అనే విషం తయారు చేస్తుందట. ఒట్టి బూజుకు అంత పని ఎలా చేతనవుతుంది? దులిపేసి బాగా వేయించుకుంటే పోదా?

జవాబు: పోదండీ. వేయిస్తే బూజు చస్తుంది గానీ, అది అప్పటికే గింజలోకి వదిలేసిన విషం వంటింటి వేడికి పూర్తిగా విరగదు.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. విషానికి ముడిసరుకు ఏదో వింత పదార్థం అనుకునేరు, కాదు, మన ఒంట్లో కొవ్వు తయారవడానికి పనికొచ్చే అసిటైల్ కో-ఏ అనే రెండు కార్బన్ల ముక్కే. దాన్నుంచి ముందు ఆరు కార్బన్ల ముక్క తయారవుతుంది, తర్వాత పాలీకీటైడ్ సింథేజ్ అనే పెద్ద ఎంజైమ్ (రసాయన మార్పులు జరిపించే ప్రోటీన్) దానికి రెండేసి కార్బన్లు అతికించుకుంటూ పోయి 20 కార్బన్ల గొలుసు చేసి, దాన్ని వలయాలుగా మడిచేస్తుంది. అక్కడ వచ్చేది నార్‌సోలోరినిక్ ఆమ్లం, ఇటుక రంగులో ఉంటుంది. నాకు భలే నచ్చే విషయం ఇదే: ఈ బూజుకు దగ్గరి చుట్టమైన ఆస్పర్జిల్లస్ పారాసైటికస్‌లో ఆ తర్వాతి ఎంజైమ్ జన్యువు చెడిపోతే సరుకంతా అక్కడే పేరుకుపోయి, గాజు పళ్లెంలో బూజు ఎర్రగా కనిపిస్తుంది. విషం ఏ దారిన తయారవుతుందో పరిశోధకులకు ఆ రంగే ఆనవాలైంది.

అక్కడి నుంచి ఒక ఎంజైమ్ ఆక్సిజన్ చేరుస్తుంది, ఒకటి వలయం తెరుస్తుంది, ఇంకొకటి మిథైల్ అనే ఒక కార్బన్ ముక్క తగిలిస్తుంది. చివరికి 17 కార్బన్ల అఫ్లటాక్సిన్ బి1 బయటపడుతుంది. ఈ పనులకు కావలసిన జన్యువులు సుమారు 25, ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఏఎఫ్ఎల్ఆర్ అనే జన్యువు వాటికి స్విచ్.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి మీదకు అనుమానం వెళ్లింది. ఈ విషం అలా దొరికిందే.

ఇంకో తమాషా ఉంది. బూజులో ఆఖరి మెట్టు పూర్తి చేసేది పీ450 కుటుంబం ఎంజైమ్. మన కాలేయంలోనూ అదే కుటుంబం వాళ్లున్నారు, విషాన్ని వదిలించబోయి దాన్ని ఎపాక్సైడ్ అనే, దేనికైనా ఇట్టే అతుక్కునే రూపంలోకి మార్చేస్తారు, అది వెళ్లి డీఎన్‌ఏకు అంటుకుంటుంది. కాలేయ క్యాన్సర్ భయం అక్కడే. కాబట్టి బూజు పట్టిన గింజలు పారేయండి, నోట్లో చేదు తగిలితే మొహమాటపడకుండా ఉమ్మేయండి.