తొలకరి ఏటా వస్తుంది తమ్మీ

దేవరకొండ

తమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఈస్టర్ వ్యాసం రెండుసార్లు చదివాను. భాషకు వంక పెట్టేది లేదు. కానీ యేసు పునరుత్థానం, అంటే చనిపోయి మళ్లీ లేవడం గురించి రాస్తూ ఒక్కసారన్నా సమాధి దగ్గరికి పోలేదు నువ్వు. ఎండిన చేను, తొలకరి, మొలకెత్తిన జొన్నగింజ, అంతా ఇదే. మన నల్గొండ ఎండలు చూసినవాడికి వాన గురించి రాయాలనిపిస్తుందిలే, కానీ తొలకరి ఏటా వస్తుంది. పోయిన మనిషి రాడు, అందుకే యేసు లేచాడన్నది వార్త అయింది.

బైబిల్లో, తొలినాళ్ల ప్రచారకుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, కొరింథీయులకు మొదటి పత్రిక 15వ అధ్యాయం మళ్లీ తెరువు. గింజ పోలిక ఆయనా వాడాడు, కానీ లేచే శరీరం ఎట్లుంటుందని అడిగేవాళ్లకు జవాబుగా. అంతకు ముందే క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వట్టిది, మీ నమ్మకమూ వట్టిదే అని మొహమాటం లేకుండా అనేశాడు. దానికీ ముందు సాక్షుల లెక్క చెప్పాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది శిష్యులు, 500 మందికి పైగా సోదరులు (వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారట, అంటే పోయి అడుక్కోండి అన్నట్టే), యాకోబు, చివరికి తను. సిలువ జరిగిన 20–25 ఏళ్లకే రాసిన ఉత్తరం అది. చదివేవాడు నమ్ముతాడో లేదో వాడిష్టం, విశ్వాసులు నమ్మేదాన్ని మాత్రం నువ్వు పలుచన చేయకు.

ఇంకోటి, యేసు లేచిన క్షణాన్ని ఆయన జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో ఎవరూ వర్ణించలేదు, గమనించావా? రాయి దొర్లి ఉంది, లోపల ఆయన లేడు, అంతే. శిష్యురాలు మగ్దలేనే మరియ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది. ఆడవాళ్లు వచ్చి చెబితే అపొస్తలులకు, అంటే ముఖ్య శిష్యులకు, వెర్రిమాటల్లా అనిపించిందని సువార్త రాసిన లూకా దాచకుండా చెప్పాడు. తర్వాత శిష్యులు ఆయన్ని చూసి భూతమనుకుని వణుకుతుంటే, తినడానికి ఏమన్నా ఉందా అని అడిగి కాల్చిన చేపముక్క తిన్నాడు. నమ్మనన్న శిష్యుడు తోమాకు చూపించిన చేతుల మీద మేకుల గుర్తులు అట్లనే ఉన్నాయి. నువ్వు నాలుగుసార్లు రాసిన 'దివ్య తేజస్సు' కంటే ఆ చేపముక్క బరువెక్కువ.

మా అమ్మ చనిపోయిన ఏడాది ఈస్టర్‌కు తెల్లారక ముందే సమాధుల దగ్గరికి పోయాం. ముందురోజే సున్నం వేశాం, మల్లెపూలు పెట్టాం, కొవ్వొత్తులు గాలికి ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాం. పాస్టరు "క్రీస్తు లేచెను" అంటే అందరూ "నిజముగా లేచెను" అన్నారు, నాకు నోరు పెగల్లేదు. పక్కన మా పెద్దమ్మ అందరికంటే గట్టిగా అని, వెంటనే కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ ఏడాది నేను ఒక పత్రికకు రాసిన వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు, చిగుళ్లూ కోయిలలూ రాసి పంపాను. ఇప్పటికీ అది కనబడితే సిగ్గేస్తుంది.

మీ తాత సమాధి మీ ఊళ్లోనే కదా, మళ్లీ రాసేముందు ఒకసారి పోయిరా. గింజ పేరా తీసేయమనను, చేప తర్వాత పెట్టు. శుక్రవారం లోపు పంపితే చూస్తాను, శనివారం నుంచి నాకు చర్చి పనులు.

మీ అన్న