మీ ప్రశ్న, మా జవాబు: నల్లర్‌బోర్ దాటే ముందు

ప్రశ్న: ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి నల్లర్‌బోర్ మైదానం మీదుగా అడిలైడ్‌కి ఐర్ హైవే మీద కారులో వెళ్తున్నాం. దారిలో ఫోన్ పనిచేయదంటున్నారు. పొడుగాటి లారీలను దాటాలన్నా భయమే. ఏం సిద్ధం చేసుకోవాలి?
– పాఠకురాలు, పెర్త్

జవాబు: దారి సుమారు 2,700 కి.మీ. సిగ్నల్ రోడ్‌హౌసుల (పెట్రోలు, తిండి దొరికే మజిలీల) దగ్గరే, మధ్యలో చాలా దూరం ఉండదు. అత్యవసర నంబరు 000కి కాల్ ఏ కంపెనీ టవరున్నా కలుస్తుంది. ఏ టవరూ లేకపోతే అదీ కలవదు. అందుకని 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ బీకన్ (మీరున్న చోటుని ఉపగ్రహం ద్వారా సహాయక సిబ్బందికి తెలిపే చిన్న పరికరం) ఒకటి పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ ఉచితం. అవసరపడితే కారు దిగి, యాంటెన్నా విప్పి, ఆకాశం బాగా కనబడేచోట ఆన్ చేయాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడే సుమా, పంక్చరుకి కాదు.

మీరన్న పొడుగాటి లారీ, అంటే రోడ్ ట్రైన్, 36.5 మీటర్ల దాకా ఉంటుంది. అది 100లో, మీరు 110లో పోతుంటే తేడా గంటకు 10 కి.మీ. మాత్రమే. ముందూ వెనకా ఎడం కలిపి 100 మీటర్లు జరగాలి, అంటే 36 సెకన్లు. ఈలోగా మీ కారు 1.1 కి.మీ. పోతుంది. ఎదురొచ్చే బండీ అంతే వస్తుంది. కాబట్టి రెండు కిలోమీటర్ల పైన ఖాళీ కనబడితేనే దాటండి. యూహెచ్‌ఎఫ్ సీబీ రేడియో (బండ్ల మధ్య మాట్లాడుకునే వాకీటాకీ లాంటిది) ఉంటే 40వ ఛానల్‌లో ముందున్న డ్రైవర్నే అడగొచ్చు. 5వ ఛానల్ అత్యవసరానికే, అందులో కబుర్లు వద్దు.

నార్స్‌మన్ నుంచి బల్లడోనియాకి 190 కి.మీ., అక్కణ్ణుంచి కైగూనాకి 180. ఇందులో 146.6 కి.మీ. ఒక్క వంపూ లేదు, నిద్ర ముంచుకొచ్చేది ఇక్కడే. కారు పైన సామాను పెట్టె, ఎదురుగాలి తోడైతే వందకి 8 లీటర్లు తాగే బండి 11 తాగుతుంది. ధర చూసి వెనకాడకుండా బంకు కనబడ్డచోటల్లా నింపండి. పొద్దు వాలాక నడపొద్దు. కంగారూ అడ్డమొస్తే స్టీరింగ్ తిప్పకండి, తిన్నగా బ్రేకు వేయండి. తిప్పితే బండి పల్టీ కొడుతుంది.

దారిలోని సెడూనా ఊళ్లో, పండ్ల ఈగ వ్యాపించకుండా పళ్లు, కూరగాయల తనిఖీ ఉంటుంది. మామిడిపళ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు ఆలోపే ఖర్చు చేసేయండి. పులిహోరకి ఇబ్బంది లేదు.

ప్రశ్న: ఇదే దారిలో ఉన్న యూక్లాలో రోడ్‌హౌసు గోడ గడియారం నా ఫోన్‌తో కలవలేదు. ఎందుకు?
– పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: గడియారం సరిగ్గానే ఉంది. కైగూనా దాటాక బోర్డర్ విలేజ్ దాకా పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుండే స్థానిక సమయం పాటిస్తారు. చట్టంలో లేదు, వాడుకలో ఉంది. వంటగది ఎప్పుడు మూస్తారో ఆ గడియారం చూసే అడగండి.