సాఫ్ట్‌బాల్‌లో అందరికీ పిచరే కావాలంటే ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి?

పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల జట్టు, సగంమంది పిచరే (బ్యాటర్‌కు బంతి విసిరే అమ్మాయి) కావాలంటున్నారు, వాళ్ల మాట వింటే ఓడిపోతున్నాం, వినకపోతే ఇద్దరు మానేశారు అని రాశారు. కావలి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా ఇదే తంటా పదకొండేళ్లు పడ్డాను.

ముందుగా, పిచర్, ఫస్ట్ బేస్ (బ్యాటర్ కొట్టాక మొదట పరుగెత్తి చేరే చోటు) ఈ రెండు చోట్లా ఇష్టాన్ని బట్టి నిలబెట్టకండి. ఇది గెలుపు సంగతి కాదు, మూతిపళ్ల సంగతి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) విసిరిన త్రో పట్టలేని పాపను ఫస్ట్ బేస్‌లో పెడితే బంతి మొహానికే తగులుతుంది. పేరులో సాఫ్ట్ ఉందన్నమాటే గానీ ఆ బంతి ఏమంత మెత్తన కాదు.

ఇక నేను చేసిన తప్పు. ఆట రానివాళ్లందరినీ రైట్ ఫీల్డ్‌కు, అంటే బ్యాటర్ వైపునుంచి చూస్తే మైదానం కుడి కొసకు, తోసేసేవాణ్ణి. ఎక్కువమంది కుడిచేతి వాటం బ్యాటర్లే కాబట్టి ఈ వయసులో బంతులు చాలావరకు ఎడమవైపుకే పోతాయి. ఒంగోలులో ఒక మ్యాచ్‌లో అలా నిలబెట్టిన పాప బూటు కొనతో మట్టిలో ముగ్గు గీసుకుంటోంది. బంతి పక్కనుంచే పోయింది. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు హోమ్‌కు వచ్చేసి పరుగులు తీసేశారు, ఓడిపోయాం. బస్సులో అరిస్తే, "ఆడికి బాలే రాదని మీరే గదా సార్ చెప్పింది" అంది. నిజమే, ముందురోజు నేనే చెప్పాను!

ఆ తర్వాత రైట్ ఫీల్డర్‌కు ఒక పని అప్పగించాను. ఫస్ట్ బేస్‌కు త్రో పడిన ప్రతిసారీ దాని వెనక్కి పరుగెత్తాలి, తప్పిన బంతిని ఆపాలి. ఆపినప్పుడల్లా స్కోరు పుస్తకంలో ఆ పాప పేరు పక్కన చుక్క పెట్టేవాణ్ణి. చుక్కల కోసం పోట్లాడుకున్నారు.

ఇంకోటి, ఫలానా చోటు ఎందుకు కావాలో అడగండి. బొత్తిగా నోరు విప్పని పిల్ల ఒకతి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే అమ్మాయి) చేస్తానని పట్టుబట్టింది. మాకున్నది ఒకటే సెట్టు, ఎండల్లో ఆ చెమట కంపు ప్యాడ్లు ముట్టుకోవాలంటే నాకే వెగటు. ఎందుకమ్మా అంటే, "మాస్కు ఉంటే భయపడినా ఎవురికీ కనపడదు సార్" అంది. క్యాచర్‌కు మైదానమంతా ఎదురుగా కనిపిస్తుంది కదా, రెండు నెలలకల్లా మిగతా ఎనిమిదిమందినీ కేకలేసి సర్దేది ఆ పిల్లే. ఎందుకని అడక్కపోయుంటే లెఫ్ట్ ఫీల్డ్‌లో పెట్టేసేవాణ్ణి.

ప్రాక్టీసులో ఇన్నింగ్స్‌కొకసారి చోట్లు మార్చండి. టోర్నమెంట్లో నేనైతే మార్చను, ఆ సంగతి ముందురోజే చెప్పేస్తాను. మొదట దిగినవాళ్లను తీసేసినా బ్యాటింగ్ వరుసలో అదే స్థానంలో ఒకసారి మళ్లీ దింపుకోవచ్చన్న రూలు ఉంది, బెంచీ మీది పిల్లల కోసం దాన్ని వాడుకోండి. ఏడు ఇన్నింగ్స్‌లో రెండు వాళ్లకిస్తే కొంపేం మునగదు. తల్లిదండ్రులను మాత్రం మ్యాచ్ అయ్యేదాకా మాట్లాడనివ్వకండి.

మానేసిన ఆ ఇద్దరి ఇంటికీ ఒకసారి వెళ్లి రండి. నా దగ్గర ఒక పాప మానేస్తే పొజిషన్ నచ్చలేదేమోనని వారం రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే బూట్లు చిరిగిపోయాయట.